పహాణీలో లేని ఉత్తరాలు

సెప్టెంబర్ 1, 2024. ఆదివారం, సూర్యాపేట

రాత్రంతా వాన. పొద్దున ఫోన్ తెరిస్తే అన్నీ కోదాడ వీడియోలే. కాలనీల్లో కార్లు తేలుతున్నాయి. రామాపురం క్రాస్‌రోడ్డు దగ్గర హైవే మీదికి నీళ్ళొచ్చి విజయవాడ బండ్లు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. సాగర్ ఎడమ కాలువకు కాగిత రామచంద్రాపురం దగ్గర గండి పడింది. మనుషుల ప్రాణాలు పోతున్న రోజున మెయిల్ సర్వర్ సంగతి మాట్లాడాలంటే నోరు రాదు. అయినా పాడైన మెయిల్ బాగుచేయడమే నా పని, తొమ్మిదింటికి కోదాడ కాలేజీ ల్యాబ్ అసిస్టెంట్ ఫోన్ చేశాడు.

"సార్, కరెంటు పోతుంది, వస్తుంది. సర్వర్ దానంతట అదే లేస్తుంది, మళ్ళ పడిపోతుంది."

మెయిన్ దించేయమన్నాను. ఒకసారి ఆన్ చేసి చూడమంటానేమో అనుకున్నాడట. అదే వద్దు. కరెంటు పోవడం కన్నా పోతూ వస్తూ ఉండటం చెడ్డది. ఒకసారి పోతే రాస్తున్న ఉత్తరం ఒకటి సగంలో ఆగుతుంది. మళ్ళీ లేచి డిస్కు తన లెక్కలు సరిచూసుకుంటున్నప్పుడు పోతే, సరిచేస్తున్నది కూడా సగంలోనే ఆగుతుంది.

సెప్టెంబర్ 2, సోమవారం

కోదాడకు దారి లేదు. ప్రిన్సిపాల్ గారి బెంగల్లా ఒక్కటే. సర్వర్ బందై ఉన్న రోజుల్లో వచ్చే మెయిళ్ళ గతేమిటి?

ఏమీ కాదు, ఆగుతాయి. పంపిన వాళ్ళ సర్వర్ మనది పలకకపోతే ఉత్తరాన్ని వరుసలో పెట్టుకుని మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది. కనీసం నాలుగైదు రోజులు వదలొద్దని 1989లో రాసుకున్న ఇంటర్నెట్ నియమాల్లోనే ఉంది. పోస్ట్‌ఫిక్స్ సర్వర్ సెట్టింగులను కదపకుండా ఉంచితే ఐదు రోజులు ఆగుతుంది. మొదట్లో గబగబా అడుగుతుంది, తర్వాత నెమ్మదిస్తుంది, ఎంత నెమ్మదించినా 4000 సెకన్లకు ఒకసారైనా అడుగుతుంది. లైన్లు రోజుల తరబడి పడిపోయే కాలంలో పుట్టిన ఓపిక ఇది. ఇవాళ కోదాడకు పనికొస్తోంది.

"అంటే గురువారం దాకా టైముందన్నమాట" అన్నారాయన, పరీక్ష ఫీజు గడువు చెప్పినట్టు.

సెప్టెంబర్ 4, బుధవారం, కోదాడ

మునగాల దాటాక రోడ్డు పక్కంతా ఒండ్రు. కాలేజీలో గోడల మీద మోకాలెత్తున నీటి గీత. సర్వర్ బల్ల మీద ఉంది కాబట్టి తడవలేదు. కింది బీరువాలో ఉన్న అడ్మిషన్ రిజిస్టర్లు తడిశాయి. అటెండర్లు వాటిని వరండాలో పరిచి, పేజీ పేజీకి మధ్య పాత పేపరు పెడుతున్నారు. ఎవరూ తొందరపడటం లేదు. తడి కాగితాన్ని లాగితే చిరుగుతుందని వాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు.

సర్వర్ దగ్గర మాత్రం అందరికీ తొందరే. "రిపేర్ కొట్టండి సార్" అంటాడు ల్యాబ్ అసిస్టెంట్. డిస్కు విప్పి, దాని మీద ఒక్క అక్షరం రాయకుండా, మొత్తం మరో డిస్కులోకి ఎత్తాను. చదవలేని చోట్లను డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్ ముందు వదిలేసి, మిగతాదంతా అయ్యాక వెనక్కి వచ్చి అడుగుతుంది. మధ్యాహ్నం అందులోనే గడిచింది. చూసేవాళ్ళకు నేను ఏ పనీ చేయనట్టే కనిపిస్తుంది. ఈ పనికి బిల్లు వేయడమూ కష్టమే.

సెప్టెంబర్ 5, గురువారం, కోదాడ

ఈ కాలేజీది డవ్‌కాట్ సర్వర్, ఉత్తరాలు మెయిల్‌డిర్ పద్ధతిలో ఉన్నాయి. అదృష్టవంతులు. మెయిల్‌డిర్‌లో ఒక ఉత్తరానికి ఒక ఫైలు. డేనియల్ బెర్న్‌స్టీన్ 1990ల్లో క్యూమెయిల్ కోసం దీన్ని రూపొందించాడు. కొత్త ఉత్తరాన్ని ముందు 'టెంప్' ఫోల్డర్లో పూర్తిగా రాసి, ఆ తర్వాతే 'న్యూ'లోకి జరుపుతారు. సగంలో కరెంటు పోతే చెడేది టెంప్‌లో ఉన్నదే, అదింకా ఎవరి చేతికీ అందలేదు. మెయిల్ ప్రోగ్రామ్ కంటపడినది 'కర్'లోకి వెళ్తుంది. ఫైలు పేరులోనే వచ్చిన సమయం సెకన్లలో, బైట్లలో సైజు, చివర చదివారో జవాబిచ్చారో చెప్పే అక్షరాలు ఉంటాయి.

పాడైనవి సూచికలు. ఏ ఉత్తరం ఎన్నోది, ఏది ఎక్కడుంది అని డవ్‌కాట్ వేగం కోసం పక్కన రాసుకునే ఫైళ్ళు. కాపీ మీద వాటిని తీసేసి మళ్ళీ కట్టించాను. వరుస నంబర్ల జాబితాను మాత్రం ముట్టుకోలేదు. ఆ నంబర్లు మారితే స్టాఫ్ కంప్యూటర్లన్నీ పాత మెయిళ్ళను కొత్తవనుకొని మొదటి నుంచీ దించుకుంటాయి. కాలేజీ నెట్‌కు అంత శక్తి లేదు.

సాయంత్రం లైన్ కలిపాం. పావుగంట వరకు ఏమీ లేదు. తర్వాత మొదలయ్యాయి. ఆదివారం వాన గురించి హైదరాబాద్ నుంచి ఎవరో అడిగిన క్షేమసమాచారం, సోమవారం యూనివర్సిటీ సర్క్యులర్, ఆ సర్క్యులర్‌ను రద్దు చేస్తూ మంగళవారం ఇంకోటి, వాటి వెనుకే ఇవాళ్టి టీచర్స్ డే శుభాకాంక్షలు. ఒక్కో సర్వర్ తన వంతు వచ్చినప్పుడు దింపుతోంది కాబట్టి వరుస తప్పింది. రద్దు ముందొచ్చింది, సర్క్యులర్ తర్వాతొచ్చింది.

సెప్టెంబర్ 6, శుక్రవారం

మిర్యాలగూడ నుంచి రైస్ మిల్లు ఓనరు. మూడు రోజులుగా మెయిల్ తెరుచుకోవడం లేదట. కంగారు తగ్గించడానికి కోదాడ సంగతి చెప్పాను. ఉత్తరాలు భూమి లాంటివి, సూచిక పహాణీ లాంటిది, పహాణీలో పేరు తప్పు పడితే భూమి ఎక్కడికీ పోదు కదా అని.

"పహాణీల పేరు లేకుంటే భూమి ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే సార్" అన్నాడు. ధరణిలో ఆయనకేదో తిప్పలున్నట్టుంది. నవ్వి ఊరుకున్నాను.

సెప్టెంబర్ 9, సోమవారం, మిర్యాలగూడ

కోదాడ నుంచి హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా బస్సు. కాలువ కట్టల మీద నిన్నగాక మొన్న చవితికి నిలబెట్టిన వినాయకులు.

సర్వర్ గది కాంటా పక్కనే. మూత తీస్తే లోపల తవుడు దుమ్ము ఫ్యాన్ రెక్కలకు మెత్తగా పట్టి ఉంది. ముందు బ్లోయర్ పట్టించాను. ఆ తర్వాత ఫోల్డర్ చూసి కాసేపు మాట్లాడలేదు. ఇది మెయిల్‌డిర్ కాదు, ఎండీబాక్స్. ఇందులో ఒక్కో ఫైల్లో చాలా ఉత్తరాలు వరుసగా కుట్టి ఉంటాయి. ఏ ఉత్తరం ఏ ఫోల్డర్‌ది, చదివారా లేదా, తీసేశారా ఉంచారా అన్న సంగతి ఉత్తరంతో ఉండదు, సూచికలోనే ఉంటుంది. డవ్‌కాట్ రాసినవాళ్ళు ఈ పద్ధతిలో సూచికలను పోగొట్టుకోవద్దని ప్రత్యేకంగా హెచ్చరిస్తారు.

నాకన్నా ముందు ఎవరో వచ్చారు. సూచికలు తీసేస్తే సరిపోతుందని తెలిసినవాళ్ళు. మెయిల్‌డిర్‌కు సరిపోయే మందు ఇక్కడ వేశారు. సూచికలు లేవు.

ఓనరు మాటే గెలిచింది. ఇక్కడ పహాణీ పోతే భూమిలో సగం పోయినట్టే.

సెప్టెంబర్ 10, మంగళవారం, మిర్యాలగూడ

డవ్‌కాట్‌కు ఒక ఆదేశం ఉంది, ఫోర్స్-రీసింక్. కుట్టిన ఫైళ్ళన్నీ మొదటి నుంచి చివరిదాకా చదివి, దొరికిన ప్రతి ఉత్తరానికీ కొత్తగా పద్దు రాస్తుంది. ప్రతి ఉత్తరం తోకలో అది మొదట ఏ ఫోల్డర్లో దిగిందో చిన్న గుర్తు ఉంటుంది, దాన్ని నమ్ముకుంటుంది. వచ్చిన మెయిళ్ళన్నీ మొదట దిగింది ఇన్‌బాక్స్‌లోనే. కాబట్టి కాకినాడ, కేరళ, చెన్నై, సివిల్ సప్లైస్ అని ఏళ్ళ తరబడి సర్దుకున్న ఫోల్డర్లన్నీ ఖాళీ. ఇన్‌బాక్స్ నిండా అన్నీ 'చదవనివే'.

ఇంకో చిత్రం. తీసేసిన మెయిళ్ళు కూడా లేచొచ్చాయి. ఎండీబాక్స్‌లో డిలీట్ కొడితే సూచికలో పద్దు కొట్టేస్తుంది అంతే. అసలు ఉత్తరం డిస్కు మీద నుంచి పోవాలంటే 'పర్జ్' అనే పని విడిగా నడపాలి. ఈ సర్వర్లో అది ఎన్నడూ నడవలేదు. నూక శాతం ఎక్కువుందని ఒక కేరళ పార్టీ తిట్టిన మెయిలు, ఓనరు కోపంతో తీసేసింది, మళ్ళీ పైన కూర్చుంది.

"ఇదెట్లొచ్చింది?"

చెప్పాను. ఆయన గుమస్తా వైపు చూశాడు. గుమస్తా కాంటా చిట్టీల వైపు చూశాడు.

సెప్టెంబర్ 11, బుధవారం, మిర్యాలగూడ

ఫోల్డర్లు మళ్ళీ కట్టాలి. పంపినవారి చిరునామాను బట్టి విడగొట్టే నియమాలు రాయగలను, చాలావరకు రాశాను. కానీ బ్రోకర్లున్నారు. ఒకే బ్రోకరు మూడు పార్టీలకు రాస్తాడు, సబ్జెక్టులో 'అర్జెంట్' తప్ప ఏమీ ఉండదు. లోపలికి చదవడం నాకు ఇష్టముండదు. పైన నాలుగు లైన్లు చూస్తాను, ఒళ్ళు చూడను. ఇది నా పట్టుదల, అందరూ పాటించరు.

గుమస్తా గారిని కూర్చోబెట్టాం. అరవై దాటిన మనిషి, మౌస్ ముట్టరు. నేను తేదీ చదువుతాను, ఆయన చెప్తారు. "అది సన్నాల లోడు బాబూ, చెన్నైలో ఎయ్యి." "అది సీఎంఆర్ సంగతి." సీఎంఆర్ అంటే క్వింటా వడ్లకు 67 కిలోల పచ్చి బియ్యం, ఉప్పుడైతే 68, ప్రభుత్వానికి అప్పజెప్పాలి. ఆ లెక్క మీద నడిచిన ఉత్తరాలను ఆయన అంకె వినగానే పడతారు. ఒకటి రెండు చోట్ల అనుమానమొచ్చి, నా పట్టు సడలించి విప్పి చూస్తే ఆయన చెప్పిందే నిజం.

ఈ మిల్లులో ఇదివరకు ఎవరూ ఆయన్ని మెయిల్ గురించి అడగలేదు.

సెప్టెంబర్ 13, శుక్రవారం, సూర్యాపేట

చిన్నది. ఆసుపత్రి సర్వర్లో డవ్‌కాట్ పొద్దుటి నుంచి ఒకటే ఏడుపు, కాలం వెనక్కి జరిగిందని. నిజంగానే ఆ సందేశం అలాగే ఉంటుంది. మదర్‌బోర్డు మీది సీఆర్ 2032 బిళ్ళ బ్యాటరీ అయిపోయింది. ఆన్ చేసినప్పుడల్లా గడియారం ఎన్నో ఏళ్ళు వెనక్కి పోతోంది. సెల్‌ఫోన్ షాపులో బిళ్ళ కొని వేశాను. లక్షల సామాను, దాని కాలం ఒక బిళ్ళ చేతిలో.

సెప్టెంబర్ 16, సోమవారం, కోదాడ

"అన్ని మెయిళ్ళకూ ఇవాళ్టి తేదీ వచ్చిందేంది సార్?"

ల్యాబ్ అసిస్టెంట్ ముందుజాగ్రత్తగా ఫోల్డర్‌ను కొత్త డిస్కులోకి మార్చాడు. మంచి ఆలోచనే. మామూలు కాపీ ఆదేశం పాత తేదీలను మోసుకురాదు. మెయిల్‌డిర్‌లో ఫైలు తేదీయే ఉత్తరం అందిన తేదీ. దాంతో 2016 నాటి జిల్లాల విభజన సర్క్యులర్లు, నిన్నటి సెలవు చీటీ ఒకే నిమిషంలో వచ్చినట్టయ్యాయి. ఆ అక్టోబర్ 11న కోదాడ నల్లగొండ జిల్లా నుంచి సూర్యాపేట జిల్లాకు మారింది. మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండిపోయింది. ఆ ఏడాది మెయిళ్ళలో ఎవరు ఏ డీఈఓకు రాయాలో తెలియక రాసినవే చాలా ఉన్నాయి.

మందు ఫైలు పేర్లలోనే ఉంది. పేరు మొదటి అంకె 1970 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన సెకన్లు. ఆ అంకె చదివి ఫైలుకు ఆ తేదీ తిరిగి వేసే నాలుగు లైన్లు రాసి వదిలాను. టీ తాగి వచ్చేసరికి 2016 దాని చోటికి అది వెళ్ళింది.

సెప్టెంబర్ 19, గురువారం, కోదాడ

కాలేజీలో పనిచేసి రిటైరైన ఒక మాస్టారు. కొడుకు 1990ల్లో అమెరికాలో చదివిన రోజుల మెయిళ్ళు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చి వెళ్ళాడట, తెరుచుకోవడం లేదు.

ఎంబాక్స్ ఫైలు. అన్ని ఉత్తరాలూ ఒకే పొడుగాటి ఫైల్లో ఒకదాని కింద ఒకటి. 'ఫ్రమ్' అనే మాటతో, దాని తర్వాత ఖాళీతో లైను మొదలైతే అక్కడ కొత్త ఉత్తరం మొదలైనట్టు. ఉత్తరం మధ్యలో ఎవరైనా ఆ మాటతో లైను మొదలుపెడితే ముందు ఒక బాణం గుర్తు పెట్టి కాపాడాలి. ఎక్కడో ఒక ప్రోగ్రామ్ ఆ బాణాలన్నీ శుభ్రం చేసింది. దాంతో ఒక ఉత్తరం రెండు ముక్కలైంది, రెండో ముక్కకు తేదీ లేదు, పంపినవారు లేరు. అలాంటివన్నీ వెతికి బాణాలు తిరిగి పెట్టాను.

ఉత్తరాలు తెలుగే, ఇంగ్లీషు అక్షరాల్లో. ఆర్‌టీఎస్, అంటే రైస్ యూనివర్సిటీలో తెలుగువాళ్ళు తయారుచేసుకున్న లిప్యంతరీకరణ. మిర్యాలగూడ బియ్యం నుంచి వచ్చి ఈ రైస్‌లో పడ్డాను. ముప్పై ఏళ్ళనాటి ఆ తెలుగులో ఒక్క అక్షరం చెడలేదు. ఆ తర్వాతి కాలంలో ఏదో ప్రత్యేక ఫాంటుతో టైపు చేసిన మెయిళ్ళు మాత్రం ఇవాళ గజిబిజి గుర్తులు. ఫైలు బాగానే ఉంది, దాన్ని చదివించే ఫాంటు లేదు. అది నా రిపేరు కిందికి రాదని చెప్పడం కష్టమైంది. మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని ఆర్‌టీఎస్ ఉత్తరాలు పైకి చదవడం మొదలుపెట్టారు, తడుముకోకుండా.

సెప్టెంబర్ 20, శుక్రవారం

కోదాడ డిస్కులో పేరూ ఊరూ లేని ముక్కలు కొన్ని మిగిలాయి. తెలుగు మెయిళ్ళను వాటిలో పట్టుకోవడం తేలికే. యూనీకోడ్ తెలుగు అక్షరం ఏదైనా మూడు బైట్లు, మొదటిది ఎప్పుడూ ఈ0, రెండోది బీ0 లేదా బీ1. ఇంకో రకం సంకేతంలో అయితే 4ఎల్‌సీ, 4ఎల్‌జీ అని మొదలవుతుంది. ఆ జంటల కోసం డిస్కంతా గాలిస్తే తెలుగున్న చోట్లన్నీ బయటపడ్డాయి. ఇంగ్లీషు మెయిళ్ళకు ఈ సౌకర్యం లేదు, వాటి అక్షరాలు ప్రతి ప్రోగ్రామ్ ఫైల్లోనూ ఉంటాయి.

ఖరీదు కూడా ఉంది. 'కోదాడ' అని రాస్తే ఐదు గుర్తులు, 15 బైట్లు. మెయిల్లో ఒక పద్ధతిలో ప్రయాణం చేసేటప్పుడు అది 45 అక్షరాలవుతుంది.

సెప్టెంబర్ 24, మంగళవారం, సూర్యాపేట

లాయరు గారు. ఒక బాకీ కేసులో మెయిలు సాక్ష్యం. జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్ అమల్లో ఉంది. పాత 65-బీ స్థానంలో 63వ సెక్షన్, సర్టిఫికెట్ రెండు భాగాలు, ఒకటి కక్షిదారు, ఒకటి నిపుణుడు, అందులో ఫైలు హాష్ విలువ రాయాలి. ఒక్క బైటు మారినా హాష్ వేరే అవుతుంది.

"రిపేరైన మెయిలు నీట్‌గా ఉంది కదా, అదివ్వు."

ఇవ్వనన్నాను. రిపేరైనదంటే నా చేయి పడినది. రిపేరుకు ముందు ఎత్తిన డిస్కు కాపీలో ఉన్న ముడి ఉత్తరమే కోర్టుకు. దాని మీద పంపినవారి సర్వర్ వేసిన డీకిమ్ సంతకం కూడా చెక్కుచెదరలేదు. చూడటానికి వికారంగా ఉంది, కింద గజిబిజి. "జడ్జిగారు ఇదేందంటే?" నన్ను పిలిపించండి అన్నాను. ఆయనకది నచ్చలేదు, వేరే దారీ లేదు.

సెప్టెంబర్ 28, శనివారం

బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతుల మీద నిషేధం ఎత్తేశారు. 2023 జూలై నుంచి ఉన్నది. టన్నుకు కనీసం 490 డాలర్ల ధర షరతు. ఉప్పుడు బియ్యం మీద సుంకం 20 నుంచి 10 శాతానికి దిగింది.

మిర్యాలగూడ నుంచి ఫోన్, పొద్దున్నే. నిషేధానికి ముందు కాకినాడ ఎగుమతిదారుతో ఖరారు చేసుకున్న నాణ్యత షరతుల మెయిలు కావాలి, ఇప్పుడే. ఫోల్డర్లో ఉందన్నాను. లేదన్నాడు. గుమస్తా గారికి ఫోన్ ఇమ్మన్నాను.

"అది కాకినాడలో కాదు బాబూ. నిషేధం పడ్డాక ఓనరే తీసేయమన్నాడు, ఇగ పనికిరాదని. తిరిగొచ్చినవాటిల్లో ఉంటది."

ఉంది. పర్జ్ నడవని సర్వర్ అదృష్టం.

అక్టోబర్ 3, గురువారం, సూర్యాపేట

ఆడిటర్ ఆఫీసు. ఔట్‌లుక్ పీఎస్‌టీ ఫైలు, పాత తరహాది, 2 జీబీ దాటి బిగుసుకుంది. 2003కు ముందటి ఫార్మాట్‌కు అదే హద్దు. కాపీ మీద తోక కొంచెం కత్తిరించి, స్కాన్‌పీఎస్‌టీ నడిపి, కొత్త తరహా ఫైల్లోకి మార్చాను. తోకలో పోయినవి ఏమిటో ఆయనా అడగలేదు. రిటర్నుల గడువు.

బయట బతుకమ్మ పాటలు. గునుగు, తంగేడు అమ్మేవాళ్ళు రోడ్డు పొడుగునా.

అక్టోబర్ 8, మంగళవారం

"గూగుల్‌కు మారిపోతే ఈ బాధ ఉండదు కదా?" కోదాడ ప్రిన్సిపాల్ గారు. చాలావరకు ఉండదు, మారమనే చెప్పాను. సర్వర్ పెట్టుకుని కాపీ తీసుకోని కాలేజీ కంటే అదే మేలు, నాకు పని తగ్గినా సరే. అయితే 2011 ఫిబ్రవరిలో జీమెయిల్‌లో కూడా వందలో 0.02 వంతు ఖాతాలు ఖాళీ అయ్యాయి. ఒక కొత్త సాఫ్ట్‌వేర్ లోపం అన్ని కాపీలకూ ఒకేసారి తగిలింది. చివరికి ఎక్కడో విడిగా పెట్టిన టేపుల నుంచి తిరిగి ఎక్కించారు. ఆ సంగతి చెప్తే ఆయనకు గూగుల్ మీద నమ్మకం పెరిగింది. నేను చెప్పింది టేపుల గురించి.

అక్టోబర్ 24, గురువారం, మిర్యాలగూడ

490 డాలర్ల షరతు కూడా నిన్న పోయింది. ఉప్పుడు బియ్యం మీద సుంకం అంతకు ముందే తీసేశారు. మిల్లులో కాలు పెట్టే సందు లేదు. ఓనరు మూడు ఫోన్లు మాట్లాడుతున్నాడు.

వచ్చిన పని రెండు. ఒకటి, సూచికలతో సహా రోజూ రాత్రి వేరే డిస్కులోకి బ్యాకప్ వెళ్ళేలా పెట్టడం. అయింది. రెండు, పర్జ్ నడపడం. డిస్కు నిండుతోంది, ఎన్నో ఏళ్ళ తీసివేతలు లోపలే ఉన్నాయి.

"నడపాలంటవా?" అన్నాడు ఓనరు. గుమస్తా గారు తల అడ్డంగా ఊపారు. డిస్కు సంగతి చెప్పాను. ఇంకో డిస్కు కొనమన్నాడు, ధర కూడా అడగలేదు. సరే, యూపీఎస్ బ్యాటరీలు కూడా మార్చాలి, అసలు రోగం అక్కడే అన్నాను.

"అది పంట వచ్చినంక చూద్దాం."